పులసకి బొట్టెట్టిన పోసియ్య

పోసియ్య నీళ్ళల్లో దిగేడంటే నోరు తెరవడంట. ఒడ్డు మీద ఉన్నంతసేపూ ఆడి నోటికి తాళం ఉండేది కాదు, ఎవరింట్లో పెళ్ళిసూపులు, ఎవడి గేదె ఎన్ని సేర్లు ఇత్తంది, అన్నీ ఆడికే కావాలి. కానీ మోకాలు తడిసిందా, ఇంక మూగోడే. ఎందుకంటే ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. గోదాట్లో నిలబడి అన్న మాట ఒట్టు. నవ్వులాటకి అన్నా సరే, భయపడి అన్నా సరే, ఒట్టే. నీళ్ళల్లో నిలబడి నువ్వు ఎవణ్ణన్నా వరస పెట్టి పిలిచేవనుకో, ఆడు నీకు ఆ వరసే, రేపు ఆడింట్లో సావైతే నువ్వు మైల పట్టాలి. ఎనకటికి ఒకడు రేవులో కాలు జారి మునిగిపోతా, ఒడ్డున పోయే బైరాగిని సూసి "నాన్నా, సెయ్యందుకో నాన్నా" అన్నాడంట. బైరాగి సెయ్యందించేడు, బతికేడు. మూడేళ్ళకి ఆ బైరాగి సచ్చిపోతే, సొంత తండ్రి ఇంట్లో గుండ్రాయిలా ఉండగానే ఈడెల్లి తలకొరివి పెట్టొచ్చేడు. అలాంటి పల్లె అది. అందుకే ఆళ్ళు నీళ్ళల్లో దిగితే అన్నీ సైగలే. ఎవత్తే ఆ ఎనకాల, "ముసల్ది మొదలెట్టింది" అని గొణుగుతంది? నాకు ఇనపడుద్దే తల్లీ. రేవు దాటించే పంటు వచ్చేదాకా గోదారికేసి సూత్తా కూచోటం తప్ప నీకేమన్నా పనుందా? లేదు కదా. ఇను మరి.

పోసియ్యకి ఒక్కతే కూతురు, మాణిక్యం. సముద్రం దగ్గరి ఊళ్ళో ఇచ్చేరు. అల్లుడు మంచోడే, ఏటకెల్తాడు, ఒక మాటంటే పడతాడు. కానీ ఏం లాభం, ఆ పిల్లకి రెండుసార్లు కడుపొచ్చి రెండుసార్లూ నిలవలేదు. మూడోసారి నెల తప్పితే ఎవరికీ సెప్పుకోలేదంట. సంతోషం లేదు, అంతా భయవే. ఏడో నెల రాగానే పురిటికి పుట్టింటికి తెచ్చుకున్నారు. వచ్చింది, అరుగు మీద గోడకి జేరబడింది, అంతే. అన్నం పెడితే తినదు. తల్లి అచ్చియ్యమ్మ పళ్ళెం పట్టుకుని "రెండు ముద్దలు తినవే నా బంగారుతల్లీ" అని బతిమాలితే రెండు మెతుకులు ఏళ్ళతో కెలికి తోసేసేది. మంత్రసాని వచ్చి కంటి కింద రెప్ప లాగి సూసి, "ఒసే అచ్చియ్యమ్మా, ఇది తినకపోతే లోపలిది నిలబడదు, ముందే సెప్తన్నాను. దీనికేం తినాలనుందో కనుక్కుని అది పెట్టండి" అని ఎల్లిపోయింది. అప్పుడు పోసియ్య పక్కన కూచుని అడిగేడంట, ఏం కావాలమ్మా, మావిడికాయ తేనా, పనసతొనలు తేనా, జీళ్ళు తేనా అని. ఆ పిల్ల అడగ్గా అడగ్గా, తలొంచుకుని, "పులస పులుసు తినాలనుంది నాన్నా" అంది.

ఇంక సూడు. కడుపుతో ఉన్నది నోరిప్పి ఒకటి అడిగితే తీర్చాలి. తీర్చకపోతే పుట్టే బిడ్డకి సెవి కారుద్ది. మా వైపు ఎవడికన్నా సెవిలో సీవు కారితే మందు తరవాత, ముందు "మీ అమ్మ ఏం అడిగితే పెట్టలేదురా" అని అడుగుతారు. అది నిజవా అబద్ధవా నన్నడక్కండి, మీకే తెలుత్తది. సరే, ఆ పిల్ల అడిగిందా, ఆ ఏడు సూత్తే గోదారి మామూలుగా లేదు. ఎర్రనీరు దిగింది. దిగటం అంటే అలా ఇలా కాదు, పైనెక్కడో అడవులన్నీ పెరికి తెచ్చినట్టు మానులకి మానులు దొర్లుకుంటా వత్తన్నాయంట. ఆ నీళ్ళల్లో వలేత్తే మాను తగిలి వల పోద్ది, వలతో పాటు పడవా పోద్ది. అందుకని పడవలన్నీ గుంజలకి కట్టేసేరు. సేప మాత్రం వత్తానే ఉంది, పట్టేవోడు లేడు. ఇంక మిగిలిందేంటి? ఒడ్డు కాడ ఇసక మెరక మీద నడుం లోతు నీళ్ళల్లో నిలబడి గాలం ఎయ్యటవే.

ఆ రేవు వరదొత్తే తిరనాళ్ళేలే. సుట్టుపక్కల పదూళ్ళ జనం గాలం కర్రలట్టుకుని వచ్చేసేవోరు. వరసగా నిలబడి జెల్లలకీ వాలుగలకీ ఎర్రలు గుచ్చి ఏసేవోరు. పోసియ్య ఆళ్ళ పక్కన దిగి పులసకి గాలం ఏత్తన్నాడని తెలిసేటప్పటికి ఒడ్డు మీద నవ్వులే నవ్వులు. ఎందుకంటే పులస గాలానికి పడదు. అది ఏమీ తినదు కదా! సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస, అక్కడ బాగానే తింటది. ఎర్రనీరు వాసన తగిలిందా, గోదారి నోట్లోకి దూరిందా, ఇంక నోరు కట్టేసుకుంటది. ఉపాసం. కడుపు నిండా గుడ్లెట్టుకుని, ఒక్క మెతుకు ముట్టకుండా, అంత వరదకీ ఎదురీదుకుంటా పైకి, ఇంకా పైకి. ఎందుకనుకున్నావ్? పురిటికే! అది పుట్టిన సోటు అక్కడెక్కడో పైన ఉంది, అక్కడికెల్లి గుడ్లు పెట్టాలి. మనం మనిషికి సీరెట్టి బండెక్కించి తీసుకొత్తాం. దానికెవడున్నాడు, ఒక్కతే ఈదుకుంటా పోద్ది. నాకు ఇది తలుసుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిత్తది. సూడు, సూడు రోమాలు.

మూడు రోజులు నిలబడ్డాడంట పోసియ్య. ఎర్రలేసేడు, రొయ్యేసేడు, తవుడు ముద్దేసేడు. ఊఁహూఁ. పులసలు కాళ్ళకి రాసుకుంటా పోతన్నాయి తప్ప ఒక్కటీ మూతెట్టలేదు. నాలుగో రోజు పొద్దున్నే ఏమైందంటే, మాణిక్యం అరుగు మీద కళ్ళు మూసుకుని జేరబడి ఉంది. ఆళ్ళ మావయ్య, అంటే అచ్చియ్యమ్మ తమ్ముడు అబ్బులు, ఆడికో ఎర్రటి డేగ పుంజుంది, అదంటే ఆడికి ప్రాణం, పెళ్ళానికి పెట్టడు గానీ దానికి జీడిపప్పెడతాడు. ఆ పుంజొచ్చి అరుగు కింద రెక్కలు దులిపింది. ఒక ఈకెగిరి ఈ పిల్ల ముక్కు మీద వాలింది. ఎప్పుడూ పలకని పిల్ల, ఉలకని పిల్ల, "సీ!" అని కసిరి ఒక్క సరుపు సరిసింది, ఈక నలిగిపోయింది. పోసియ్య సూసేడు. ఓహో అనుకున్నాడంట. ఆకలి లేనిదానికి కోపం లేకుండా పోదు! తినటానికి నోరు తెరవనిది కసరటానికి తెరుత్తది. అంతే, ఎల్లి ఆ పుంజుని సంకలో ఇరికించుకుని, తోకలో నిగనిగలాడే పెద్ద ఈకలు మూడు పీకేసేడు. అబ్బులు "బావా! నా పుంజు! దాని అందం పోయింది బావా!" అని ఈదంతా ఇనపడేలా ఏడిసేడనుకో. పోసియ్య ఇనిపించుకుంటేనా. ఎర్ర దారంతో ఆ ఈకలు గాలానికి సుట్టేడు, తంగూసు, అదే గాలం దారం, ఒక కొస కర్రకి కట్టేడు, ఇంకో బార వదిలి కుడి మణికట్టుకి కట్టుకున్నాడు. అచ్చియ్యమ్మ తువ్వాలు సెంగున బెల్లం ముక్క ముడేసి ఇచ్చింది, ఆకలేత్తే నోట్లో ఏసుకోమని. ఎల్లి నీళ్ళల్లో దిగేడు.

ఎలా దిగాలో తెలుసా మీకు? వరదలో కాలెత్తకూడదు. ఎత్తేవా, పోయేవే. అడుగు ఈడవాలి. నీటికి పక్కగా తిరిగి, ఇసకని అరికాలితో తడుంకుంటా, మెరక ఎంతవరకుందో కాలికి తెలవాలి. కింద ఇసక జారిపోతా ఉంటది, మనం నిలబడ్డామనుకుంటాం గానీ గోదారి మన కాళ్ళ కింద నేలని లాక్కుపోతా ఉంటది. నడుం దాటి బొడ్డు దాటి రొమ్ముల కాడికి దిగేడు పోసియ్య. అంత లోతుకి ఎవడూ దిగలేదు. గాలం ఇసిరి, ఈకని నీటికి అడ్డంగా, అట్నించి ఇటు ఈదిత్తన్నాడు. ఎయ్యటం, ఈడవటం. ఎయ్యటం, ఈడవటం. ఒడ్డు మీదోళ్ళు "కోడిపందేలకి పులసొత్తదా" అని నవ్వుతున్నారు. పొద్దు బారెడెక్కింది. అప్పుడు, ఒక పులస దారినపోయేది, మూతి ముందు ఈ ఎర్ర ఈక అటూ ఇటూ ఊగుతంటే ఒకసారి ఓర్సుకుంది, రెండుసార్లు ఓర్సుకుంది, మూడోసారి కసిరింది. కసిరి పట్టేసింది!

అయ్యబాబోయ్! కర్ర విల్లులా వంగి ఫట్‌మని ఇరిగిపోయింది. తంగూసు మణికట్టు మీద కోత పెట్టింది. ఎగిరిందంట సూడు, ఆ ఎర్రనీళ్ళల్లోంచి, పెళ్ళిలో ఎండి పళ్ళెం ఎవరో పైకిసిరినట్టు. ఈపు మీద నీలం, పొట్ట కాడ గులాబీ రంగు, ఎడల్పు అంటే రెండు సేతులూ సాపినా సాలదు. ఒడ్డు మీద నవ్వు ఆగిపోయింది. నవ్వేవోళ్ళంతా నోళ్ళు తెరుసుకుని నిలబడిపోయేరు. పులసా, గాలానికా! ఒకడు పల్లెలోకి పరిగెత్తేడు, అచ్చియ్యమ్మకి సెప్పటానికి. మామూలు సేప గాలానికి పడితే నీటి వాలున పారిపోద్ది. ఇది అలా కాదు, ఎదురెల్తంది! అంత నొప్పిలోనూ దాని ముక్కు పైకే. పోసియ్య దాని ఎనకాల అడుగులీడుత్తా, ఈడుత్తా, మెరక అయిపోయిన సంగతి సూసుకోలేదు. నేల లేదు. బుడుంగున సుడిలో పడ్డాడు.

మునిగేడు, తేలేడు. మళ్ళీ మునిగేడు. ఒక మాను ఆడి తల పక్కనించి పోయింది. సుడి ఆణ్ణి కిందకి లాగుతంది, మణికట్టు మీద తంగూసు పైకి లాగుతంది. సెప్పండి, మనిషిని సేప లాగుద్దా? నేను లాగుద్దంటే మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ ఆడు బతికొచ్చి సెప్పిన మాట అది. అప్పుడు పోసియ్య, ఊహ తెలిసిన కాణ్ణించీ నీళ్ళల్లో నోరిప్పని పోసియ్య, ప్రాణం మీదకొచ్చి గట్టిగా అరిసేసేడంట: "లాగవే అమ్మా! నా కూతురా, లాగు! నేన్నీ పుట్టింటోణ్ణే తల్లీ, నన్ను గట్టెక్కించవే!" అని. సేప లాగింది. లాగిందో, అంత బరువుకీ లొంగకుండా ఎదురు నిలబడిందో, ఆ గోదారికే తెలియాలి. ఆడి కాలికి ఇసక తగిలింది. గోదారి నడిమధ్య ఒక మెరక ఉంది, నీళ్ళు మోకాలి లోతు, దాని మీదకి పాక్కుంటా ఎక్కేడు.

ఎక్కి దగ్గి, నీళ్ళు కక్కి, సూసేడు. తంగూసు కొసన, తన మోకాళ్ళ ముందు, ఆ పులస పక్కకి ఒరిగి ఉంది. అలిసిపోయింది. మొప్పలు ఎగిరెగిరి పడతన్నాయి. రెండు సేతులూ దాని పొట్ట కింద పెట్టి ఎత్తేడు. లోపల గుడ్లు బరువుగా, మెత్తగా, ఆడి అరసేతుల్లో కదిలేయంట. పోసియ్యకి అప్పుడు గుర్తొచ్చింది, తను ఏమన్నాడో. ఇంట్లో ఒక కూతురు నోరు కట్టుకుని గోడకి జేరబడి ఉంది, ఈ సేప తీసుకెల్తే తింటది, తింటే బిడ్డ నిలబడతది. సేతుల్లో ఇంకో కూతురు. తనే నోరారా పిలిచేడు, అది తన్ని గట్టెక్కించింది. ఏం సెయ్యాలి ఆడు? మీరైతే ఏం సేత్తారు? మాటాడరే! ఇందాకణ్ణించీ గుసగుసలాడేరు కదా.

ఇంతలో అబ్బులు, బావ కొట్టుకుపోతన్నాడని గుంజ తాడు తెంపుకుని పడవేసుకుని వచ్చేసేడు. అదీ వరదలో, ప్రాణాలకి తెగించి! పుంజు తోక కోసం ఏడిసినోడు బావ కోసం గోదారికి ఎదురొచ్చేడు, అది గుర్తెట్టుకోండి. వచ్చి, పడవ మెరకకి జేర్చి, పడవలోంచే సేపని సూసి "బావా! పులసే! మాణిక్యం రాత బాగుంది, పద పద, పడవెక్కు" అని ఎగిరి గంతేసేడు. పోసియ్య కదల్లేదు. సెయ్యెత్తి ఒడ్డుకేసి, తన నోటికేసి, సేపకేసి సూపించేడు. అబ్బులుకి ఏం అర్థం కాలా. ఆఖరికి పోసియ్యే అన్నాడు, ఎలాగూ ఒకసారి నోరు జారింది కదా అని, "మాటనేసేన్రా అబ్బులూ. కూతురన్నాను. పుట్టింటోణ్ణన్నాను." అబ్బులు అటూ ఇటూ సూసి, గొంతు తగ్గించి, "ఎవరిన్నారు బావా? ఒడ్డు అంత దూరం, ఈ హోరులో ఎవడికినపడుద్ది? నేను ఎవరికీ సెప్పను, నా పిల్లల మీదొట్టు" అన్నాడు. పోసియ్య, "నేనిన్నాను. ఇదీ ఇంది" అన్నాడు. అబ్బులు సేపకేసి సూసేడు.

పురిటికెల్లే ఆడపడుచుని ఒట్టి సేతుల్తో పంపిత్తామా ఎక్కడన్నా? పోసియ్య పడవ ముక్కు కాడికెల్లేడు. ఆ ముక్కుకి, వరద తగ్గాలని గంగమ్మకి పూజ సేసి పూసిన పసుపూ కుంకం ఇంకా తడితడిగా అంటుకుని ఉన్నాయి. బొటనేలితో ఆ పసుపు గీకేడు, కుంకం గీకేడు. మోకాళ్ళ మీద కూచుని, గాలం మెల్లిగా తప్పించి, దాని నుదురు మీద పసుపు రాసి బొట్టు పెట్టేడు. తువ్వాలు సెంగు ఇప్పి, అచ్చియ్యమ్మ ముడేసిన బెల్లం, కరగ్గా మిగిలిన ముక్క, నలిపి దాని మూతి ముందు నీళ్ళల్లో వదిలేడు. అదే సారె. "ఎల్లిరా అమ్మా, జాగర్త" అన్నాడు. అది వెంటనే ఎల్లలేదంట. ఆడి పిక్కకి ఒళ్ళానించుకుని, ఒక రెండు మూడు ఊపిర్లు, అలాగే ఉంది. తరవాత తోక ఒక్కసారి ఊపింది. ఆ ఎర్రనీళ్ళల్లో ఆ ఎర్రబొట్టు పైకి, ఎదురు, పైకి పోతా ఆ ఇద్దరు మగాళ్ళకీ కనపడిందంట సాలాసేపు. ఏడిసేరంట ఇద్దరూ. ఏడవరా మరి.

ఇంటికొచ్చేటప్పటికి ఏముంది, కబురు ముందే సేరిపోయింది. అచ్చియ్యమ్మ సింతపండు నానేసింది, బెండకాయలు కోసింది, మసాలా నూరింది, మట్టిదాక పొయ్యి మీద పెట్టి సూత్తంది. ఈదిలో ఆడోళ్ళంతా గుమ్మంలోనే ఉన్నారు. పోసియ్య తడిగుడ్డల్తో, ఒట్టి సేతుల్తో వచ్చి నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు సెప్పేడు, ఏదీ దాయలేదు. అచ్చియ్యమ్మ గరిటె ఇసిరికొట్టింది. "నీ నోట మన్నుపడ! సేపని కూతురన్నావా? కడుపున పుట్టిన కూతురి మాటేంటి? దాని బిడ్డ మాటేంటి? ఎర్రినాగన్నవా నువ్వు?" అని తిట్టి తిట్టి అక్కడే కూలబడి ఏడిసింది. పోసియ్య తల దించుకుని పడ్డాడు. అప్పుడు అరుగు మీంచి మాణిక్యం, "నాన్నా, దాని కడుపులో గుడ్లున్నాయా?" అని అడిగింది. "ఉన్నాయమ్మా. నా సేతుల్లో కదిలేయి." "అంత వరదలో ఏమీ తినకుండానే వచ్చిందా?" "ఏమీ తినకుండానే." "పైకెల్లిందా?" "పైకే ఎల్లిందమ్మా, నేను సూసేను, బొట్టు కనపడినంతదూరం సూసేను." ఆ పిల్ల రెండు సేతులూ తన పొట్ట మీద పెట్టుకుంది. తరవాత, "అమ్మా, పులుసు పెట్టు" అంది. "ఏం ఏసి పెట్టనే?" అంది తల్లి ముక్కు సీదుకుంటా. "ఏమీ ఎయ్యకుండానే పెట్టు. అది ఉపాసం ఉండి అంత దూరం ఎల్తంది, దాని ముద్ద కూడా నేనే తినాలి" అంది.

పెట్టింది. సింతపండు, బెండకాయ, మసాలా, ముల్లు లేని పులస పులుసు! ఆ ఊళ్ళో ఇప్పటికీ సేప లేని పులుసుని "పోసియ్య పులస" అంటారు, నవ్వులాటకి. ఆ పిల్ల రెండు పళ్ళేల అన్నం తినేసి, దాకలో మిగిలింది కూడా ఊడ్సుకుని, ఏళ్ళు నాకిందంట. అచ్చియ్యమ్మ సూత్తా సూత్తా మళ్ళీ ఏడిసింది, ఈసారి ఏడుపు ఏరు. ఆ పూట నించి ఒక్క పూట మానలేదు మాణిక్యం. అబ్బులు మాత్రం సచ్చేదాకా అంటానే ఉన్నాడు, "నా పుంజు తోకా పోయె, సేపా పోయె, నాకేం మిగిలిందిరా" అని. అంటా అంటానే ఎర్రనీరు దిగిన మొదటి రోజు పడవ ముక్కు మీంచి పసుపు తీసి గోదాట్లో వదిలేవోడు. నెలలు నిండేయి, ఆడపిల్ల పుట్టింది. బతికింది.

ఏంటమ్మాయ్, ఏదో అడుగుతన్నావ్? కోరిక తీరలేదు కదా, సెవి కారిందా అనా? లేవండి లేవండి, మూటలు సర్దుకోండి, పంటు అవతల ఒడ్డు వదిలింది. అదిగో ఇంజను మోత. ఏంటి, మీకెవ్వరికీ ఇనపడలేదా? మీకెందుకు ఇనపడుద్దిలే. నాకు డెబ్బయ్యేళ్ళు దాటేయి, అవతలొడ్డున తాడు ఇప్పుతుంటే ఇనపడింది. ఇయ్యి, మా తాత పులసకి బొట్టెట్టిన ఏడు పుట్టిన సెవులే.